కొండంత దండన

ఒక దేశంలో ఒక మనిషికి ఒక కొండ ఉండేది. ఆయన పేరు ఉద్దండయ్య. ఆ కొండమీద ఆయనా, ఆయన అక్క అచ్చమాంబా ఉండేవాళ్ళు. ఆయన రాయి కొట్టించి అమ్మేవాడు. ఆమె కొండ నడుమ ఊట దగ్గర ఇల్లు కట్టుకుని, దారినపోయేవాళ్ళకి నీళ్ళిచ్చేది.

ఆ దేశంలో అందరికీ కలిపి ఒక పెద్ద గాదె ఉంది. ఏదైనా కుదువ పెడితే గాదె నుంచి ధాన్యం అప్పిస్తారు. ఎంత పెద్ద వస్తువు కుదువ పెడితే అంత ధాన్యం.

ఉద్దండయ్యకి తన కొండ చాలదనిపించింది. శిఖరం మీద వెదుళ్ళతో మరో శిఖరం కట్టించాడు. బూడిదరంగు అద్దిన గుడ్డలు దానికి చుట్టించాడు. మైదానంలోంచి చూస్తే కొండ రెండింతలు కనబడేది. గాదె అధికారులు కిందనుంచే చూసి, తలలూపి, రెండింతల ధాన్యం ఇచ్చేవాళ్ళు. ఆయన కూలీలకి తిండి పెట్టుకుని, పంటలు రాగానే రాయి అమ్మిన డబ్బుతో ధాన్యం కొని అంతా తిరిగి కొలిచేవాడు. ఒక్క గింజ ఎగ్గొట్టలేదు.

"ఒరే, అది కొండ కాదు, గుడ్డ" అని అక్క చెబుతూనే ఉండేది.

"కిందనుంచి చూసేవాడికి తేడా ఏముందే అక్కా!" అని ఆయన నవ్వేవాడు.

ఒక వేసవి గాలివానకి గుడ్డలు చిరిగి ఊరిమీద పడ్డాయి. జనం తలెత్తి చూశారు. సగం కొండ లేదు. ముందు నవ్వారు. తర్వాత మండిపడ్డారు. తమ పెరట్లోని చిన్న బండను ఉన్నదున్నట్టు చూపించి, చాలినంత ధాన్యం దొరకక ఇబ్బంది పడ్డవాళ్ళు ఆ ఊళ్ళో చాలామంది ఉన్నారు.

కింది న్యాయస్థానంలో విచారణ జరిగింది. అక్కడి న్యాయాధికారి లంచం ముట్టని మనిషి. అబద్ధమంటే ఆయనకి ఒళ్ళు మండుతుంది. గాదె ధాన్యం తిరిగొచ్చిందని సాక్షులు చెప్పారు. ఆయన విన్నాడు.

"ధాన్యం తిరిగొచ్చింది. నమ్మకం తిరిగొచ్చిందా?" అని అడిగాడు. "లేని కొండంత ఎత్తు చూపించావు. ఉన్న కొండంత ఎత్తూ ఇచ్చెయ్యి."

సభలో చప్పట్లు మోగాయి. ఉద్దండయ్యకి కాసేపు ఆ మాట అర్థం కాలేదు. మొత్తం కొండే దండన అని తర్వాత అర్థమైంది.

మర్నాడు పై న్యాయస్థానానికి వెళ్ళాడు. అక్కడి గుమాస్తా మర్యాదగా కూర్చోబెట్టాడు.

"అప్పీలు వేసుకోవచ్చు దొరగారూ. అయితే ముందు దండన మొత్తం తెచ్చి మా ప్రాంగణంలో పెట్టాలి. గెలిస్తే తీసుకెళ్ళిపోవచ్చు."

"కొండను తెచ్చి పెడితేగాని కొండ గురించి మాట్లాడకూడదా?"

"పూర్వం అలా లేదండీ. అప్పీళ్ళ పేరుతో ఏళ్ళకేళ్ళు సాగదీసి, ఆలోగా ఆస్తులు దాచేసినవాళ్ళున్నారు. అందుకని పెట్టారు."

ఆ మాటలో తప్పేమీ లేదని ఉద్దండయ్యకి కూడా తెలుసు. ఇంటికొచ్చి అక్క ముందు కూర్చున్నాడు.

"తప్పు చేశానని ఒప్పేసుకోరా. ఇద్దరం ఎక్కడో ఓ చోట బతుకుదాం" అంది ఆమె.

"తప్పు చేశానే అక్కా. ఎవరడిగినా చెబుతాను. కానీ కొండంత చేయలేదు. ఆ మాట ఎవరో ఒకరు వినాలి."

తమ్ముడు అబద్ధం ఆడకుండా మాట్లాడటం ఆమె చాలాకాలానికి విన్నది. లేచి, ఇంట్లోని సామాను సర్దడం మొదలుపెట్టింది.

కొండను విప్పసాగారు. మొదటి బండి బయల్దేరినప్పుడు ఊరంతా ఈలలు వేసింది. పిల్లల్ని భుజాలకెత్తుకుని చూపించారు. ఉలులు, సమ్మెటలు, ఎడ్లబళ్ళు. శిఖరం పోయింది. తేనెపట్లు కదిలి, ఈగలు నల్లటి పొగలా లేచి, కాసేపు గాలిలో కొండ ఆకారంలోనే తిరిగి, ఎటో వెళ్ళిపోయాయి. ఈలలు తగ్గాయి. అచ్చమాంబ ఇంటి కింద రాయి లాగిన రోజున ఊట తోవ తప్పింది. ఆ సాయంత్రం బళ్ళ వెంట ఎవరూ రాలేదు.

తర్వాత కొండ కడుపు బయటపడింది. ఒక పెద్ద బండను పక్కకి దొర్లించేసరికి దాని వెనక గుహ. గుహ నిండా నీళ్ళు. పుట్టిన దగ్గర్నుంచి వెలుతురు ఎరగని నీళ్ళు. ఎండ మొదటిసారి వాటిమీద పడింది. నీటి అడుగున తెల్లటి రాతి స్తంభాలు, ఒకదాన్ని మించి ఒకటి, లోపలికి, ఇంకా లోపలికి వెళ్తూ కనిపించాయి. ఏ శిల్పీ చెక్కని వాటిని చూసి పనివాళ్ళు చెప్పులు విడిచారు. కబురు తెలిసి ఊరు ఊరంతా వచ్చింది. ఇన్నాళ్ళూ తాము దేని పక్కన బతికారో వాళ్ళకి అప్పుడు తెలిసింది.

"ఆపేద్దామా?" అని మేస్త్రీ అడిగాడు.

"సగం కొండ పెడితే సగం అప్పీలు వినరు" అన్నాడు ఉద్దండయ్య. ఆయన గుహవైపు చూడకుండా ముఖం పక్కకి తిప్పుకునే ఉన్నాడు.

చూస్తుండగానే ఆ నీళ్ళు పగుళ్ళలోంచి నేలలోకి దిగిపోయాయి. చివరి బండి వెళ్ళాక ఆ చోట చదునైన నేల మిగిలింది. పొద్దు ఎప్పుడూ కొండ చాటున అస్తమించేది. ఆ రోజు నేల అంచు దాకా వెళ్ళి, ఎర్రగా, ఎవరూ ఊహించనంత పెద్దదిగా మునిగింది. జనం కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయారు.

పై న్యాయస్థానపు ప్రాంగణంలో రాళ్ళ కుప్ప న్యాయస్థానం కంటే ఎత్తుగా లేచింది. కిటికీలు మూసుకుపోయాయి. దీపాలు పెట్టుకుని విచారణ చేశారు. పెద్ద న్యాయమూర్తి వయసు మళ్ళిన స్త్రీ. రాజ్యం తరఫు వకీలు చక్కగా వాదించాడు.

"అబద్ధానికి తక్కువ దండన వేస్తే రేపు ప్రతివాడూ ఇంటిమీద గుడ్డ ఇల్లు కడతాడమ్మా. పెద్దవాడు కనక పెద్ద దండన. చిన్న దెబ్బ వీడికి తగలదు."

న్యాయమూర్తి ఉద్దండయ్య వైపు తిరిగింది. "నువ్వేమంటావు?"

"తప్పు చేశానమ్మా. కొండంత చేయలేదు. అంతే."

ఆమె లేచి, "పెద్దల శాసనం చదవాలి" అంది.

దేశం పుట్టినప్పుడు పెద్దలు చెక్కించిన శాసనం ఆ ప్రాంగణం గోడమీదే ఉంది. కానీ కొండ తెచ్చి పోసినప్పుడు రాళ్ళన్నీ ఆ గోడకే పేర్చారు. శాసనం వాటి వెనక ఉండిపోయింది. న్యాయమూర్తి బయటికొచ్చి, చెంగు నడుముకి దోపుకుని, ఒక రాయి పక్కకి తీసింది. అది చూసి గుమాస్తా వచ్చాడు. వకీలూ వచ్చాడు. ఊరివాళ్ళు వచ్చారు. రాయి వెనక రాయి తీయగా మనిషెత్తు అక్షరాలు బయటికొచ్చాయి. ఆ అక్షరాల కింద నిలబడితే ఎవరైనా చిన్నపిల్లల్లా కనిపించారు. న్యాయమూర్తి బిగ్గరగా చదివింది.

"దండన తప్పును మించరాదు. మించినంత మేర దండించినవాడిది."

ఆమె గొంతు ఆ గోడకి తగిలి అందరి మీదా తిరిగి పడింది.

"తప్పు నిజం" అని తీర్పు చెప్పింది. "ఒక మనిషి భుజాన మోయగలిగిన రాయి ఒకటి గాదె గోడకి ఇవ్వాలి. ఇకమీదట గాదె ముందు కుదువ పెట్టే అర్హత ఉండదు. మిగిలిన కొండ నీది. తీసుకెళ్ళు."

గాదెకి ఇవ్వాల్సిన రాయి గుమాస్తాకి అప్పగించి, ఉద్దండయ్య కుప్పవైపు చూశాడు. అందులో రాళ్ళన్నీ ఉన్నాయి. తేనెపట్లు లేవు, ఊట లేదు, ఆ తెల్ల స్తంభాలు ఏ ముక్కలుగా ఎక్కడున్నాయో తెలియదు. ఆయన గెలిచాడు. నవ్వు మాత్రం రాలేదు.

అప్పుడు జనంలోంచి కింది న్యాయాధికారి ముందుకొచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మించినంత మేర నాది. నేను ఈ మనిషికి ఒక కొండ బాకీ. నా దగ్గర కొండ లేదు."

జనంలో కలకలం పుట్టింది. "ఇల్లు లాక్కోండి!" అని ఒకడు అరిచాడు. "పొలాలు కూడా!" అని ఇంకొకడు. మొదటి బండికి ఈల వేసినవాళ్ళే గొంతు చించుకుంటున్నారు. న్యాయమూర్తి ఉద్దండయ్య వైపు చూసింది. శాసనం ప్రకారం అడిగే హక్కు ఉద్దండయ్యది.

ఉద్దండయ్య ఆ న్యాయాధికారి దగ్గరికి వెళ్ళాడు. ఇన్ని నెలలుగా కలలో ఆ ముఖాన్నే పిడికిలితో గుద్దుతున్నాడు. దగ్గరనుంచి చూస్తే అది నిద్రలేని ముసలి ముఖం.

"మీరు కూడా తప్పు చేశారు" అన్నాడు. "కొండంత చేయలేదు."

వంగి ఒక రాయి ఎత్తి న్యాయాధికారి భుజాన పెట్టాడు. తన భుజాన ఒకటి ఎత్తుకున్నాడు. జనం తోవ ఇచ్చారు. ఇద్దరూ ఊరు దాటి, మైదానం దాటి, కొండ ఉండిన చోటికి నడిచారు. ఊరంతా కొంచెం దూరంగా వెనకే వచ్చింది.

ఆ విశాలమైన బోడి నేలలో రెండు రాళ్ళనీ పక్కపక్కన దించారు. ఎండ వాటిమీద పడింది. వాటి పక్కన చారెడు నీడ పరుచుకుంది. ఆకాశం కింద అంత మేర నేలలో మనుషులది కాని నీడ అదొక్కటే. దాన్ని చూస్తూ అంతమంది జనం నిలబడిపోయారు.

అచ్చమాంబ ముందుకొచ్చి ఆ నీడలో చెయ్యి పెట్టి చూసింది. చల్లగానే ఉంది.

"ఇవాళ్టికి ఇది చాలు" అంది.