నమ్మకం కుదిరేదాకా

ఉదయం తొమ్మిదింపావుకి సన్యాసమ్మ కళ్లంలో ధాన్యం మీద బరకం కప్పి పంచాయతీ ఆఫీసుకు నడిచింది. పడమట మబ్బు పట్టింది. సర్కారు ధాన్యం కొనాలంటే సాయంత్రంలోగా ఇంటర్నెట్ పేజీలో పేరు ఎక్కాలి. ఊళ్లో ఏ ఫోన్లోనూ ఆ పేజీ తెరుచుకోలేదు. పంచాయతీ కంప్యూటర్లో బ్రౌజర్ మార్చి చూసినా తెల్లగానే ఉంది.

పేజీ తెరుచుకోవట్లేదన్న ఫిర్యాదు మీద తనిఖీకి వచ్చిన అధికారి విశ్వంభరరావు తన ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు.

"పేజీ బ్రహ్మాండంగా ఉంది. దోషం మీ ఫోన్లది. అదే రాసి పైకి పంపుతున్నాను."

అలా రాస్తే ఇక పేజీని ఎవరూ బాగుచేయరని సన్యాసమ్మకు తెలుసు.

"తెరుచుకుంది సరే బాబూ, పేరు ఎక్కుతుందా?"

"ఎందుకెక్కదు?"

"నా పేరు ఎక్కించి చూపండి, నమ్ముతాను."

ఆయన ఎక్కించాడు. రసీదు వచ్చింది. ఆమె వెనక వరుసలో నిలబడ్డ రైతుల వైపు తిరిగింది.

"అప్పలస్వామీ, నీకు నమ్మకం కుదిరిందా?"

"ఒక్క పేరుకేం కుదురుతుంది పిన్నీ? ఆడవాళ్లవే ఎక్కుతాయేమో."

విశ్వంభరరావు చిరాకుపడుతూ అతని పేరూ ఎక్కించాడు. అతని వెనకున్న రైతుకూ అనుమానమే వచ్చింది, ఆ వెనకున్నాయనకూ అంతే. తొలి చినుకు పడేసరికి ఊళ్లో అనుమానపడేవాళ్లు మిగల్లేదు.

"ఇప్పుడైనా నమ్మారా?"

"నమ్మాం బాబూ. తమరు రాయదలిచింది రాసుకోండి."

నాలుగు రోజుల తర్వాత ఒక సంగతి తెలిసింది. ఆ పేజీ సర్కారు ల్యాప్‌టాప్‌లలోని పాత బ్రౌజర్ ఒక్కదాంట్లోనే తెరుచుకుంటుంది. ఆ రోజు జిల్లా మొత్తంలో ఎక్కిన పేర్లు ఈ ఊరివే.