గట్టయ్య బామ్మర్దులు బొగ్గుబాయి దిగిన రోజు

తెలివంటే తమదేనని ఆ ముగ్గురన్నదమ్ములకు గట్టి నమ్మకం. పెద్దవాడు ఓదెలు, నడిపివాడు రాయలింగు, చిన్నవాడు సంద్రయ్య. లోకంలో అందరూ చెప్పింది సగం విని మిగతా సగం సొంతంగా చేస్తారట, అందుకే చెడిపోతున్నారట. తాము మాత్రం చెప్పినదానికి గింజంత తక్కువా చెయ్యరు, గింజంత ఎక్కువా చెయ్యరట. కాలనీలో కుళాయి దగ్గర నిలబడి రోజూ ఇదే గొప్ప. వినేవాళ్ళు బిందె నిండినా నిండకపోయినా ఎత్తుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

ఈ రత్నాలను బొగ్గుబాయిలో పనికి పెట్టించినవాడు వాళ్ళ బావ గట్టయ్య. ముందు అతన్ని అనాలి. అతను సర్దారు. గ్యాసు ఉందో లేదో చూసి మనుషులను లోపలికి పంపడం అతని పని. ఇంట్లో పెళ్ళాం సారక్క పోరు పడలేక ఒప్పుకున్నాడు. మొదటిరోజు సద్దిగిన్నెలు అందిస్తూ సారక్క తమ్ముళ్ళతో, "మీ బావ పానం మీ చేతుల పెడుతున్న. చెప్పింది చెప్పినట్టు చెయ్యుండ్రి" అంది. ఆ రెండో మాట అనకుండా ఉంటే బాగుండేది.

బాయిలో గట్టయ్య వాళ్ళను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు. బొగ్గులోంచి గ్యాసు వస్తూనే ఉంటుంది, దానికి రంగూ లేదు, వాసనా లేదు. గాలి పారుతున్నంతసేపు కొట్టుకుపోతుంది, గాలి ఆగితే కప్పు కింద పేరుకుంటుంది. అప్పుడు చిన్న నిప్పురవ్వ చాలు, ఒక్కడూ మిగలడు. బొగ్గు దుమ్ము కూడా అంటుకుంటుంది కాబట్టి రాతిపొడి చల్లాలి. ఇంత చెప్పి తలకో పని అప్పగించాడు. ఎక్కడా నలుపు కనపడకుండా పొడి చల్లమని ఓదెలుకు బస్తాలు చూపించాడు. బొగ్గు తవ్వే చోటికి గాలిని మళ్ళించే పరదా ఒకటి వేలాడుతుంటే, అది చిరగకుండా చూడమని రాయలింగుకు చెప్పాడు. గ్యాసును పసిగట్టే యంత్రం సంద్రయ్య చేతిలో పెట్టి, ఇది మోగితే బయటికి రమ్మన్నాడు. మంట బయటికి రాకుండా జాలీ బిగించిన తన గ్యాసు దీపం పట్టుకుని లోపలి చివరకు వెళ్ళాడు.

ఇంకేముంది, ఓదెలు మొదలుపెట్టాడు. గోడలు, కప్పు, నేల తెల్లబడ్డాయి. అక్కడితో ఆగితే ఓదెలు ఎందుకవుతాడు? తవ్విన బొగ్గు నల్లగా ఉంది, దానిమీద చల్లాడు. జనం బూట్లు నల్లగా ఉన్నాయి, వాటిమీద చల్లాడు. ఒకాయన సద్దిగిన్నెలో మాడిన వంకాయ కూర కనపడితే దానిమీదా చల్లాడు. ఆయన గిన్నెతో కొట్టడానికి మీదికి వస్తే, అయ్యో నీ మీసం మర్చిపోయానే అని మీసానికి పట్టించాడు. చివరికి చూసుకుంటే తన చేతులూ నలుపే. మిగిలిన బస్తా నెత్తిన గుమ్మరించుకున్నాడు.

ఇటు పరదా గాలికి రెపరెపలాడుతోంది. రాయలింగు కూర్చుని ఆలోచించాడు, అదే వచ్చిన తంటా. కొట్టుకునే బట్ట చిరుగుతుంది, మడతలో ఉన్న బట్ట చిరగదు. అక్క పెళ్ళిచీర పెట్టెలో మడతపెట్టి ఉండబట్టే కదా ఇన్నేళ్ళయినా కొత్తగా ఉంది. అంతే. పరదా విప్పి, నీటుగా మడిచి, చంకలో పెట్టుకున్నాడు.

లోపలికి గాలి ఆగిపోయింది. కాసేపటికి సంద్రయ్య చేతిలో యంత్రం కూసింది. బుద్ధి ఉన్నవాళ్ళంతా పని వదిలి పైకి, బాయిమీదికి నడిచారు. సంద్రయ్య కూడా అన్నలను వెంటబెట్టుకుని గాలి పారే పెద్ద దారిలోకి వచ్చాడు. యంత్రం నోరు మూసింది. లోపలికి తీసుకెళ్ళాడు, కూసింది. మళ్ళీ తెచ్చాడు, ఆగింది.

"అన్నా, ఇది లోపలికి పోతేనే గ్యాసు వస్తున్నది" అన్నాడు.

"అయితే దాన్నీడనే ఉంచు" అన్నాడు ఓదెలు.

యంత్రాన్ని పెద్ద దారిలో ఓ రాయి మీద పెట్టి, లోపలికి వెళ్ళి చెవులు రిక్కించారు. ఎక్కడా చప్పుడు లేదు. గ్యాసు పీడ వదిలించామని ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు. ఇంత పని చేశాక ఆకలవదా? సద్ది తినడానికి బాయిమీదికి వచ్చేశారు. లోపలి చివర బావ ఒక్కడే మిగిలాడన్న సంగతి ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు.

గ్యాసు మాట కాలనీకి పాకి, సారక్క అప్పటికే పరుగెత్తుకొచ్చింది. బాయి దిగేటప్పుడు ఎవరి ఇత్తడి బిళ్ళ వాళ్ళు బోర్డుకు తగిలించి, పైకొచ్చాక తీసుకోవాలి. హాజరీ బాబు బోర్డు చూపించి, బిళ్ళ వేలాడుతోందంటే మనిషి లోపలున్నట్టేనని తల వంచుకున్నాడు. గట్టయ్య బిళ్ళ అక్కడే ఉంది.

"మీ బావేడిరా?" అంది సారక్క.

"లోపలున్నడు."

"మరి మీరెట్ల ఒచ్చిండ్రు?"

"మోగితే రమ్మన్నడక్కా. బావను తెమ్మని చెప్పలే" అన్నాడు సంద్రయ్య.

రాయలింగు చంకలోని మడత తీసి, ఒక్క చిరుగైనా ఉందేమో చూసుకొమ్మన్నాడు. సర్దార్ల మీది అధికారి ఓవర్‌మేన్ అక్కడే ఉన్నాడు, అది చూశాడు. పరదా లాక్కుని, రక్షణ దళాన్ని పిలిచి పరుగు తీశాడు. సారక్క ఆ వెనకే రెండడుగులు వేసింది.

ఇంతలో వెనకనుంచి దగ్గు వినపడింది. గట్టయ్య. దీపంలో మంట నీలంగా లేవడం చూసి, గ్యాసు చేరిందని తెలిసి, దీపాన్ని మెల్లగా కిందికి దించి, వంగి నడుచుకుంటూ బాయికున్న రెండో దారిన పైకొచ్చాడట. సారక్క అతని చొక్కా పట్టుకుని ముందు నాలుగు దెబ్బలు వేసి, తర్వాత ఏడ్చింది. అతను బోర్డు దగ్గరికెళ్ళి తన బిళ్ళ తీసుకున్నాడు.

అప్పుడు ఓదెలు బోర్డు వైపు చూశాడు. ఆకలి తొందరలో ముగ్గురూ బిళ్ళలు తీసుకోనే లేదు.

"రాయలింగూ, అవి మనవేనా?"

"మనవే."

"అంటే మనం ఇంకా పైకి రాలే."

సంద్రయ్య గొల్లుమన్నాడు. చేతిలో యంత్రం కూడా లేదు, ముగ్గురం గ్యాసులో చిక్కుకున్నామని రాగం తీశాడు. గట్టయ్య ఏదో చెప్పబోతే సారక్క అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వేం చెప్పకు. చెప్తే చేస్తరు" అంది.

అంతే. ముగ్గురూ తమను కాపాడుకోడానికి బాయి వైపు పరుగెత్తారు. కాపలావాడు గేటు వేసేశాడు. గేటు పట్టుకుని చీకట్లోకి, "ఓదెలూ, రాయలింగూ, సంద్రయ్యా" అని గొంతు పోయేలా పిలిచారు. ఎవరూ పలకలేదు. పలకమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు మరి.