నక్క మావకు అల్లిన మేజోళ్లు

టేకు చెట్లు ఆకు రాల్చే కాలంలో ఆ కొండవాలు మీద ఎవరూ రహస్యంగా బతకలేరు. ఎలుక కదిలినా కరకర, తొండ పాకినా కరకర. కుందేలు పొద్దున్నే ఎటు పోయిందో, ఎవరి చేలో మేసి వచ్చిందో అడివంతా తెలిసిపోయేది. "వానలు పడి ఈ ఆకులు కుళ్లేదాకా మన పరువు ఇంతే" అని కుందేలు విసుక్కునేది.

పొదలక్క అనే అడవికోడికి మాత్రం ఆ ఆకులే దిక్కు. తక్కిన కోళ్లు మునిమాపుకల్లా కొమ్మలెక్కి పడుకుంటాయి. పొదలక్క పిల్లలకింకా ఎగరటం రాదు. వాటిని రెక్కల కింద పొదువుకుని నేల మీదే, వెదురు పొద మొదట్లో పడుకోవాలి.

"ఆకులే నాకు కాపలా. ఎవడొచ్చినా ఏ పక్కనించి వస్తున్నాడో చెప్పేస్తాయి. పిల్లల్ని తోలుకుని రెండో పక్క ముళ్లకంపలో దూరిపోతాను" అనేది.

ఆ వెదురు పొదకు దగ్గర్లోనే ఒక చెట్టు మీద జాజి అనే ఉడుత ఉండేది. వయసు పిల్ల, కాలు ఒకచోట నిలవదు. గూడు కట్టుకుంటూ కట్టుకుంటూ అది వదిలేసి ఈతకని వాగులో దూకింది. ఈత పూర్తిగా రాకముందే పాట అందుకుంది. ఆ చలికాలం దాని కన్ను మేజోళ్ల మీద పడింది.

వాటిని అల్లేది ముళ్లపెద్దమ్మ అనే ఏదుపంది. గొర్రెల మంద కొండ దాటినప్పుడల్లా కంపలకు చిక్కుకున్న ఉన్నిని ఏరి, వడికి, తన ఒంటి మీంచి రాలిన ముళ్లనే సూదులు చేసుకుని అల్లుకునేది.

"నాకూ నేర్పు పెద్దమ్మా."

"కుదురుగా కూచోగలవా?"

"కూచుంటాను."

"తోక కూడా కూచోవాలి."

మొదట్లో జాజి దారాన్ని ఎంత బిగించి లాగేదంటే సూది దూరేది కాదు. "అదేమైనా పారిపోతుందటే, అంత గట్టిగా పట్టుకున్నావు?" అనేది పెద్దమ్మ. సరేనని వదులు చేస్తే అది మేజోడులా కాక చేపల వలలా తయారయ్యేది. తీరా చెయ్యి కుదిరిందనుకునేసరికి ఎక్కడో ఒక కుట్టు సూది మీంచి జారిపోయి చిల్లు పడేది.

"అదిగో, జారింది. అక్కడిదాకా విప్పేయ్."

"పైకి కనపడదులే పెద్దమ్మా."

"కాలికి కనపడుతుంది. విప్పు."

విప్పుతున్నంతసేపూ జాజికి ఏడుపొచ్చేది. తన పొద్దంతా ఎవరో వెనక్కి లాక్కుపోతున్నట్టుండేది. ఒకనాడు ఇక ఓపిక పోయి ఉన్నీ సూదులూ చంకన పెట్టుకుని లేచింది.

"మిగతాది నేనే నేర్చుకుంటాను."

"అంచు మూయటం ఇంకా చెప్పలేదే నీకు. మూయకపోతే కొస లాగగానే మొత్తం ఊడి వస్తుంది."

"ఎవరు లాగొచ్చారులే" అని వెళ్లిపోయింది.

తన చెట్టు కింద కూచుని ఒంటరిగా ఒక మేజోడు అల్లింది. బొటనవేలి కాణ్ణించి మొదలుపెట్టి పైదాకా వచ్చింది. మడమ పక్కకు తిరిగింది. మధ్యలో చిల్లు పడింది. అంచు ఎలా మూయాలో తెలియక దారం కొసను లోపలికి దోపేసింది. దాన్నలా తిప్పి చూసుకుంటూ దిగులుపడుతుంటే కరకరమని నక్క గంభీరయ్య వచ్చాడు.

"ఎవరు తల్లీ అల్లింది ఇంత నాజూకుగా?"

"నేనే మావా. ఏం నాజూకులే, చిల్లు పడింది."

"చిల్లంటావేంటమ్మా. గాలాడటానికి కిటికీ పెట్టావు. ఎంత చేయి తిరిగినవాళ్లకైనా తట్టిందా ఈ ఆలోచన?"

"మడమ కూడా పక్కకు పోయింది."

"నా మడమా అటే ఉంటుంది."

"ముళ్లపెద్దమ్మ చూస్తే మొత్తం విప్పమంటుంది."

"ఒంటి నిండా ముళ్లున్నావిడ నోట్లోంచి మెత్తటి మాట ఎలా వస్తుంది? ఆవిణ్ణి వదిలెయ్. నా నాలుగు కాళ్లకీ అల్లిపెట్టు. చలికి పాదాలు పగిలి నడవలేకపోతున్నాను."

ఇక జాజిని పట్టేవాళ్లు లేరు. విప్పమనే నోరు లేదు, మెచ్చుకునే నోరు పక్కనే ఉంది. ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ, ఒకటి సంచిలా ఒకటి గొట్టంలా, ఏది చూపించినా గంభీరయ్య "ఆహా" అన్నాడు.

మేజోళ్లన్నీ పూర్తయిన రోజు మునిమాపు వేళ వచ్చి తొడుక్కున్నాడు.

"నడిచి చూపించు మావా."

"చూపిస్తా. నువ్వు అటు తిరిగి ఆ ఉన్ని సర్దుకో ముందు."

జాజి ఉన్ని సర్దుతూ చెవులు రిక్కించింది. చప్పుడు లేదు. ఇంకా కదల్లేదేమో అనుకుని వెనక్కి తిరిగింది. గంభీరయ్య మూతి దాని తోకకు ఆనుకుని ఉంది.

"ఎప్పుడొచ్చావు మావా?"

"వినపడలేదా?"

"లేదు."

"ఎంత హాయిగా ఉందమ్మా ఈ మాట" అన్నాడు గంభీరయ్య. అతని చూపు జాజిని దాటి వెదురు పొద మీద వాలింది. పొద మొదట్లో పిల్లలు సన్నగా కిచకిచమంటున్నాయి.

జాజికి అప్పుడు తెలిసింది. పాదాల పగుళ్లూ లేవు, ఏమీ లేవు. ఇన్నాళ్లూ తన చేతులతో అల్లింది పొదలక్క పిల్లల ప్రాణం తీయటానికి. పోనీ అరుద్దామా అంటే పొదలక్క కంగారుగా బయటికొస్తుంది. శత్రువు ఏ పక్కనున్నాడో చెప్పే చప్పుడు లేదు. ఎదురుగా వచ్చి వాడి నోట్లోనే పడొచ్చు.

"మావా, ఒక్క క్షణం. అంచు సరిచేస్తాను."

"బాగానే ఉందిలే."

"నీకు బాగానే ఉంటుంది మావా, నీది పెద్ద మనసు. కానీ నలుగురూ చూసే కాళ్లు. ఈ మేజోళ్లలో నువ్వు అచ్చం పులిలా ఉన్నావు. పులి ఎక్కడైనా ఒళ్లు దగ్గర పెట్టుకుని బెదురుతూ నడుస్తుందా? తలెత్తుకుని దర్జాగా నడవాలి."

మెచ్చుకోవటం ఎలాగో అతని దగ్గరే నేర్చుకుంది మరి. గంభీరయ్య మీసాలు నిక్కబొడుచుకున్నాయి. ఒక్కో కాలూ ఇలా చాచాడు. జాజి ఒక్కో మేజోడులోంచీ దోపిన కొస బయటికి లాగి, కొసలన్నీ కలిపి చెట్టు వేరుకు ముడేసింది.

"ఇక పద మావా."

నక్క ఏ పనికీ తిన్నగా పోదు. పెద్ద బండ చుట్టూ తిరిగి పొద వెనకనించి రావాలని గంభీరయ్య బయల్దేరాడు, తలెత్తుకుని, దర్జాగా. నడిచేకొద్దీ పైనించి ఒక్కో వరసా ఊడి వస్తోంది. విప్పటమంటే ఏడ్చే జాజి ఇప్పుడు వాటినే చూస్తోంది, త్వరగా, ఇంకా త్వరగా ఊడమని.

బండ దాటేసరికి గంభీరయ్య పాదాలకు చలి తగిలింది. కిటికీలున్నాయి కదా, గాలాడుతోంది అనుకున్నాడు.

కరకర.

"ఎవడ్రా అంత మోటుగా నడిచేది, నా పని చెడగొడతాడు" అని పళ్లు కొరికి, తను మాత్రం ఇంకా దర్జాగా అడుగేశాడు. కరకర, కరకర.

పొదలక్క ఒక్క కూతపెట్టి పిల్లల్ని రెండో పక్క ముళ్లకంపలోకి తోలేసింది. గంభీరయ్య దూకాడు. దారాలు వెదురు బొంగులకు చుట్టుకుని, నాలుగు కాళ్లూ ఒకటై, ఆకుల మీద బోర్లా పడ్డాడు.

"ఎవరది?" అంది పొదలక్క కంపలోంచి.

"నేనేనమ్మా, గంభీరయ్యని. చలికాలం కదా, పిల్లలెలా ఉన్నారో అడిగి పోదామని."

"కాళ్లకా దారాలేంటి?"

"దారాలేంటి, మేజోళ్లు."

"ఏవీ?"

గంభీరయ్య అప్పుడు కిందికి చూసుకున్నాడు. కొమ్మల మీద కోళ్లు, బొరియల్లోంచి ఎలుకలు, అందరూ చూస్తున్నారు. దారాలు కొరుక్కుని, ఆకుల మీద అడుగడుగుకీ చప్పుడు చేసుకుంటూ అడివి దాటిపోయాడు.

"వాడికి అవి అల్లిపెట్టిందెవరు?" అడిగింది పొదలక్క.

"నేనేనక్కా" అంది జాజి తలొంచుకుని. "విప్పింది కూడా నేనే."

నీతి: మన తప్పు చూపించి విప్పించేవాళ్లు మనకు చుట్టాలు, చిల్లును కూడా కిటికీ అని పొగిడేవాడికి మనతో ఏదో అవసరం ఉంటుంది.