పుల్లమ్మ దిద్దిన ప్రూఫు

ఆ పొద్దున చంద్రమౌళి గాల్లో తేలుతూ ఆశ్రమానికి వచ్చాడు. అతను ఓబుళాచారి గారి శిష్యుడు. గురువుగారి బోధలను ఫోన్లో ఊరూరికీ పంపే పని ఎవరూ చెప్పకుండానే నెత్తికెత్తుకున్నాడు. ముందురోజు మాత్రం గురువుగారి మాట కాకుండా తన సొంత మాట ఒకటి పెట్టాడు.

పాత బస్టాండు దగ్గర బజ్జీలమ్మే పుల్లమ్మ మాడిన నూనెనే మళ్ళీ మళ్ళీ వాడుతోందని రాశాడు. ఆమె నల్లటి నూనెను డబ్బాలో పోస్తున్న ఫొటో కూడా జోడించాడు. సాయంత్రానికల్లా అది జిల్లా దాటింది.

"మీ అచ్చాఫీసులో కరపత్రం వెయ్యాలంటే అక్షరాలు పేర్చడానికే ఒక పూట పట్టేది కదా స్వామీ. ఇది నేను టీ తాగేలోగా వేలమందికి చేరింది. మంచి ఇంత వేగంగా పాకితే లోకం బాగుపడదా?"

ఓబుళాచారి గారు ఒకప్పుడు అచ్చాఫీసు నడిపినవారు. ఆఫీసు మూసేసినా, అచ్చుకు ముందు ప్రూఫులో తప్పులు దిద్దినట్టు ప్రతి మాటనూ అటూ ఇటూ తిప్పి చూసే అలవాటు ఆయన్ని వదల్లేదు. కండువా భుజాన వేసుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టారు.

"పద, ప్రూఫు చూసొద్దాం."

"అచ్చయిపోయాక ప్రూఫేంటి స్వామీ?"

"ఆలస్యమే. అయినా చూద్దాం."

బజ్జీల కొట్టు ముందు బెంచీలు ఖాళీగా ఉన్నాయి. కలిపిన శనగపిండి గిన్నెలో అలాగే ఉంది.

"రాండి సామీ," అంది పుల్లమ్మ. "నిన్న మాపటి నుంచి మనిషనేవాడు రాలేదు. ఎవురో ఏందో రాసినారంట. ఏం రాసినారో ఎవురూ చెప్పరు. ఇట్లయితే కొట్టు మూసుకోవాల్సిందే."

గురువుగారు బెంచీ మీద కూర్చున్నారు. "రాసింది ఇతనేనమ్మా. చదివి వినిపిస్తాడు."

చంద్రమౌళి ఫోను తీశాడు. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు.

"సదువు నాయనా. నాకు సదువు రాదు. ఊరంతా సదివినాక నాకూ తెలియాల గదా."

చదివాడు. "ఈ పాపిష్టిది" అన్నచోట గొంతు తగ్గించబోతే, గురువుగారు వినపడలేదన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టారు. మళ్ళీ చదవాల్సి వచ్చింది.

పుల్లమ్మ అంతా విన్నది. "ఆ డబ్బాలో నూనె సబ్బులు చేసేటోళ్ళు తీసకపోతారు. వాడేసిన నూనెంతా వాళ్ళకే పోస్తా. అడిగింటే చెప్పింటి గదా."

చంద్రమౌళికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. తప్పయిపోయిందని చేతులు జోడించి, అక్కడే నిలబడి కొత్తది రాశాడు. అడక్కుండా అబద్ధం రాశానని ఒప్పుకున్నాడు. 'పాపం, ఈ నిరుపేద అమాయకురాలు నన్ను క్షమించాలి' అని చివర చేర్చాడు. పంపబోతుంటే గురువుగారి చెయ్యి ఫోనుకు అడ్డం వచ్చింది. ఆయన పుల్లమ్మ వైపు చూశారు.

చంద్రమౌళి అది కూడా చదివి వినిపించాడు.

"అబద్ధమని రాసినావు, అది బాగుంది. ఆ పాపమూ, నిరుపేదా ఎందుకు? అవి తీసెయ్. బజ్జీ బాగుంటాదని రాయి." పుల్లమ్మ పొయ్యి వెలిగించింది. "ఉండు. తినకుండా రాయద్దు."

తిన్నాడు. నిజంగానే బాగుంది. ఆ మాట రాసి, మొదటి నుంచి మళ్ళీ చదివాడు. పుల్లమ్మ తల ఊపింది.

ఈసారి గురువుగారు చెయ్యి అడ్డం పెట్టలేదు.

"ఇప్పుడు పంపు."