ఎనిమిదో పేరాలో చేపలు

ప్రశ్న అడిగినవాళ్లకు ఏదో ఒక పని చెప్పి పంపడం పరాంకుశం మాస్టారి అలవాటు. చీరాల కాలేజీలో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి ఆయన. ఆదివారం పొద్దున ఆయన ఇంటి వరండాలో నలుగురైదుగురు చేరతారు. అందరూ పత్రికలకు సైన్సు సంగతులో ఆరోగ్యం సంగతులో రాసేవాళ్లే. రాసింది చదువుతారు, ఆయన వింటారు. సందేహం అడిగితే మాత్రం ఆయన నోట జవాబు రాదు. కరివేపాకు కోసుకురమ్మంటారు, లేదా పోస్టాఫీసుకు వెళ్లి రమ్మంటారు. అలా వెళ్లినవాళ్లలో కొందరికి దారిలో జవాబు దొరికింది. కొందరికి కరివేపాకు మాత్రమే దొరికింది.

ఆ ఆదివారం అడిగింది సువర్చల. ఆమె జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెబుతుంది. రెండేళ్లుగా ఒక దినపత్రిక ఆరోగ్యం పేజీకి రాస్తోంది. ఆరు వారాల కిందట ఆమె వ్యాసం ఒకటి పేజీ సగం నిండుగా వచ్చింది. 'పోయిన చూపు తిరిగి వస్తుంది!' అని దానికి పెద్ద అక్షరాల శీర్షిక పెట్టారు. ఆ శీర్షిక ఆమె పెట్టింది కాదు. అయితే పొద్దున్నే పేపరు విప్పి దాన్ని చూడగానే ఆమె సంతోషించిన మాట నిజం.

అసలు సంగతి చాలా చిన్నది. ఒక రకం చిన్న చేపకు కంటి వెనకపొర దెబ్బతింటే అది మళ్లీ తనంతట తాను పెరుగుతుంది. ఆ గుణాన్ని ఎలుకల్లో రప్పించగలమా అని ఎక్కడో ఒక ప్రయోగశాలలో ప్రయత్నించారు. పన్నెండు ఎలుకల్లో నాలుగింటికి కొన్ని కణాలు మళ్లీ మొలిచాయి. మొలిచిన కణాలతో ఆ ఎలుకలకు చూపు వచ్చిందో లేదో వాళ్లకూ ఇంకా తెలియదు. సువర్చల ఇదంతా రాసింది. కాకపోతే అక్కడికి వచ్చేముందు, 'చూపు కోల్పోయినవారి జీవితాల్లో వెలుగు నిండే రోజు ఇక ఎంతో దూరం లేదు' అని మొదలుపెట్టింది. వరండాలో ఎవరో ఆ వాక్యాన్ని తప్పుపట్టారు. ఆమెకు ఉక్రోషం వచ్చింది.

"మాస్టారూ, ఆ వ్యాసంలో ఒక్క అబద్ధం చూపించండి, రాయడం మానేస్తాను. పొడిపొడిగా రాస్తే ఎవరు చదువుతారు? కాస్త ఆశ కలిపాను. ఆశ కలపడం తప్పా?"

మాస్టారు లోపలికి వెళ్లి ఒక తెల్ల గుడ్డ తెచ్చారు. "చొక్కా కుట్టించాలి. రైలు గేటు దాటాక కుడిచేతి సందులో మస్తాన్ వలీ కొట్టుంది. కొలతలు వాళ్ల దగ్గరున్నాయి. గుడ్డ మాత్రం మస్తాన్ చేతికే ఇవ్వు," అన్నారు.

ఆమె మూతి బిగించుకుని బయలుదేరింది.

కొట్లో కుట్టుమిషను ముందు ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. మస్తాన్ భార్య జాన్ బీ. పక్కన బల్ల దగ్గర మస్తాన్ చొక్కాలకు గుండీలు కుడుతున్నాడు. యాభై దాటని మనిషి. తల వంచుకోకుండా, ఎదురుగా గోడకేసి చూస్తూ కుడుతున్నాడు. దారం అయిపోగానే సూది పక్కకు చాపాడు. జాన్ బీ మిషను ఆపి, దారం ఎక్కించి, మళ్లీ అతని వేళ్ల మధ్య పెట్టింది. అది రోజూ జరిగే పనిలా ఉంది.

సువర్చల గుడ్డ అతని చేతిలో పెట్టింది. అతను బొటనవేలితో రుద్ది చూసి నవ్వాడు. "మాస్టారి గుడ్డ. ఆయన ఇరవై ఏళ్ల నుంచి ఇదే రకం తెస్తాడు. కూర్చోండమ్మా. మీరు చదువుకున్నోళ్లా?"

"కాలేజీలో చెబుతానండీ."

"అయితే మీతో ఒక పనుంది." అతను తడుముకుంటూ బల్ల సొరుగు లాగి, ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టిన కాగితం తీశాడు. "ఇది కాస్త మొత్తం చదివి పెట్టండి. మా ఆవిడ కూడబలుక్కుని చదువుతుంది. నాకు తృప్తిగా లేదు."

కవరులోంచి ఆమెకు ముందుగా కనిపించింది తన వ్యాసం శీర్షిక చివరి ఆశ్చర్యార్థకం.

చదవక తప్పలేదు. తన వాక్యాలు ఎప్పుడూ తోటి రచయితలకే వినిపించిన మనిషి ఇప్పుడు వాటిని ఈ కొట్లో పైకి చదివింది. మొదటి వాక్యం దగ్గర మస్తాన్ సూది కింద పెట్టాడు. రెండో పేరా దగ్గర "ఆహా" అన్నాడు. మూడో పేరా దగ్గర, "ఇంతవరకే చదివింది మా ఆవిడ. తర్వాతది?" అన్నాడు. నాలుగు, అయిదు గడిచాయి. వాటిలో వెలుగు, మైలురాయి, విప్లవం ఉన్నాయి. ఎనిమిదో పేరా వచ్చింది.

"ఆగండమ్మా. చేపలంటే?"

"చేపలేనండీ. చిన్నవి."

"నీళ్లల్లో తిరిగేవి?"

"అవును. తర్వాత ఎలుకల్లో చేసి చూశారు."

"మనిషికి?"

"మనిషికి ఇంకా చెయ్యలేదు."

"ఎప్పుడు చేస్తారు?"

"తెలియదండీ."

మస్తాన్ కాగితం వైపు చెయ్యి చాపాడు. "ఎంతో దూరం లేదని మొదట్లోనే ఉందిగా. రాసినాయనకి తెలిసే ఉంటుంది. ఆయన ఎవరో కనుక్కోవచ్చేమో."

సువర్చలకు లేచి వెళ్లిపోవాలనిపించింది. వెళ్లలేకపోయింది. "రాసింది నేనేనండీ," అంది.

జాన్ బీ మిషను ఆగింది. ఇక తిట్లు తినక తప్పదని సువర్చల సిద్ధపడింది. మస్తాన్ మొహం మాత్రం దీపం వెలిగించినట్టయింది. "మీరా! ఇంతసేపూ చెప్పరే? మా ఇంటికి అల్లాయే పంపాడు మిమ్మల్ని. అయితే మీకు లోపలి సంగతి తెలుసుంటుంది. చేపలూ ఎలుకలూ సరే, పైకి అట్లాగే రాయాలి కాబోలు. అసలుది చెప్పండి. మందు ఎక్కడ దొరుకుతుంది?"

"మందు లేదండీ. నిజంగా లేదు. నేను మొదట్లో కొంచెం ఎక్కువ చేసి రాశాను."

"ఎక్కువ చేసి రాస్తే పేపరోళ్లు వేస్తారా అమ్మా?"

సువర్చల విడమరచి చెప్పడానికి ప్రయత్నించింది. పన్నెండింట్లో నాలుగంది, కణాలంది, ఏళ్లూ పూళ్లూ పట్టవచ్చంది, అసలు కాకపోవచ్చంది. ఆమె తగ్గించి చెప్పేకొద్దీ అతని నమ్మకం పెరిగింది. చివరికి ఆమెనే ఓదార్చాడు: "పేపర్లో అంత ధైర్యంగా రాసి, ఇక్కడికొచ్చి ఇట్లా భయపడతారేంటమ్మా. నేనేం రేపే కావాలంటన్నానా?"

ఆమె సందులోకి వచ్చింది. జాన్ బీ వెనకాలే వచ్చి, కొట్లోకి వినపడనంత దూరం వచ్చాక మాట్లాడింది.

"ఈయనకి ముందు రేచీకటి వచ్చిందమ్మా. తర్వాత పక్కలు కనపడటం మానేశాయి. ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు ఒకింత వెలుతురు, అంతే. అదీ ఉండదన్నారు డాక్టర్లు. కాలవ అవతల చూపులేనోళ్లకి నేర్పే కేంద్రం ఉంది. నేను ఏడ్చి మొత్తుకుంటే పోయేవాడు. తెల్లకర్రతో నడక, చుక్కల రాత నేర్చుకునేవాడు. మీ కాగితం వచ్చిన రోజు నుంచి మానేశాడు. చూపొస్తుంటే గుడ్డోళ్ల చదువెందుకంటాడు. కర్ర అటక మీద పడేశాడు. మొన్న కాలవలో పడ్డాడు."

"అయ్యో. దెబ్బలు..."

"మోకాళ్లు కొట్టుకుపోయాయి. నవ్వుతా లేచాడు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "అదేనమ్మా నాకు అర్థం కాంది. మూడేళ్లు ఆ మనిషి నవ్వలేదు. ఇంట్లో అన్నం ముద్ద గొంతు దిగేది కాదు మాకు. ఈ ఆరు వారాలు నవ్వుతున్నాడు, పాత పాటలు పాడుతున్నాడు. మీరిప్పుడు అది అబద్ధమని గట్టిగా చెప్పి ఒప్పించాలని నేను కోరుకోవాలా, కోరుకోకూడదా? చదువుకున్నోళ్లు, మీరే చెప్పండి."

సువర్చల సందు దాటి వచ్చేసింది. ఇంటికి వచ్చి ఆ పూట అన్నం తినలేదు. ఒకసారి తనమీద తనకే అసహ్యం వేసింది. మరుక్షణం, మూడేళ్ల తర్వాత ఒక మనిషి నవ్వాడే, అది నా వాక్యం వల్లేగా అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకా సిగ్గేసింది. నవ్వునూ కాలవనూ రెండిటినీ ఒకే వాక్యం తెచ్చింది. దానిలో ఏ అక్షరం నవ్వును తెచ్చిందో, ఏ అక్షరం అతన్ని తోసిందో విడదీయడం ఆమెకు చేతకాలేదు.

మర్నాడు పత్రికాఫీసుకు ఫోన్ చేసింది. సవరణ వేయమని అడిగింది. పేజీ చూసే సబ్ ఎడిటర్ మర్యాదస్తుడు, ఓపిగ్గా విన్నాడు.

"సవరణ దేనికి మేడమ్? తప్పేముంది అందులో? చేపలని ఎనిమిదో పేరాలో ఉందిగా."

"శీర్షికలో లేదు కదండీ."

"శీర్షికలో చేపలని వేస్తే వంటల పేజీ అనుకుంటారు," అని అతను నవ్వాడు. ఆ వ్యాసానికి వచ్చినన్ని ఫోన్లు ఈ ఏడాది దేనికీ రాలేదని, మోకాళ్ల నొప్పుల మీద అలాంటిదే ఇంకొకటి రాయమని అడిగాడు. చూస్తానని ఆమె ఫోన్ పెట్టేసింది. రాయనని ఎందుకు చెప్పలేకపోయిందో ఆమెకే తెలియలేదు.

బుధవారం కాలేజీ అయ్యాక ఆమె కాళ్లు రైలు గేటు వైపు నడిచాయి. ఏం చెప్పాలో అనుకోలేదు. కొట్టు ముందు నిలబడి, "మస్తాన్ గారూ, కాలవ అవతల ఆ కేంద్రం చూడాలి. దారి తెలియదు. మీరు వస్తారా?" అంది. దారి తెలియకపోవడం నిజమే.

మస్తాన్ గుండీ మీద నుంచి చెయ్యి తీయలేదు. "నన్ను మళ్లీ అక్కడ చేర్చడానికి వచ్చారు. తెలుసు నాకు."

"అదీ ఉంది," అంది సువర్చల.

లోపల అటక మీద ఏదో కదిలిన చప్పుడైంది. జాన్ బీ తెల్లకర్ర పట్టుకొచ్చి భర్త మోకాళ్లకు ఆనించి, మిషను దగ్గరికి వెళ్లి కూర్చుంది. మస్తాన్ దాన్ని చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత అడిగాడు: "చూపు వచ్చేదాకా పట్టుకుంటే చాలుగా?"

"సరే," అంది సువర్చల.

అతను లేచి ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. సందు దాటారు. గేటు దగ్గర గూడ్సు బండి వెళ్లేదాకా ఆగారు. ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ సోడా బండి నిలబడుతుందో అతనే చెబుతూ ఆమెను నడిపించాడు. ఆరు వారాల్లో చెయ్యి మొద్దుబారిందని కర్రను తిట్టుకున్నాడు. కాలవ గట్టు దగ్గర కర్ర కొస ఖాళీలోకి జారింది. అతను ఆగాడు. మోచెయ్యి మీద వేళ్లు బిగుసుకున్నాయి. అడుగు వెనక్కి తీసి, పక్కకు తిరిగి, చిన్న వంతెన మీదికి ఎక్కాడు. "ఇదిగో, మొన్న ఇక్కడే," అన్నాడు, నవ్వకుండా. శనివారం దాకా మరో మూడు సాయంత్రాలు అలాగే వెళ్లి వచ్చారు. అందులో ఒక రోజు అతను పాడాడు. ఒక రోజు దారంతా మౌనంగా నడిచాడు. ఏది మంచి రోజో ఆమె తేల్చుకోలేకపోయింది.

ఆదివారం వరండాలో అందరూ వెళ్లేదాకా ఆగి, సువర్చల జరిగిందంతా మాస్టారికి చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"నాకేం అర్థం కావడం లేదు మాస్టారూ. చూపు వచ్చేదాకా అన్నాడు, నేను సరే అన్నాను. రాదని తెలిసే అన్నాను. పేపర్లో రాసిందీ అబద్ధమే, ఆ సందులో అన్నదీ అబద్ధమే. మొదటిదానికి నాకు నిద్ర పట్టడం లేదు. రెండోదానికి పడుతోంది. ఎందుకలా?"

మాస్టారు కళ్లు తెరిచారు. "సరే అన్నాక అతను నిన్ను ఎక్కడ పట్టుకుని నడిచాడన్నావు?"

"మోచెయ్యి దగ్గర."

మాస్టారు మళ్లీ కళ్లు మూసుకున్నారు. ఆ తర్వాత, ఆమె లేవబోతుండగా, "పేపరుకి మోచెయ్యి ఉండదమ్మా," అన్నారు.