గంట మోగాక ఆడిన ఆట

కాలేజీల వాలీబాల్ లీగులో చేరాలని తిమోతికి ప్రాణం కొట్టుకుపోతోంది. మిషన్ కాలేజీ జట్టుకి కెప్టెన్ అతను. లీగువాళ్ళు చేర్చుకుంటామనే అన్నారు, కాకపోతే మ్యాచ్‌లన్నీ శనివారాలే. ఈ కాలేజీలో శుక్రవారం పొద్దు గుంకిందంటే సబ్బాతు, అంటే దేవుడి విశ్రాంతి దినం, మొదలు. మర్నాడు పొద్దు గుంకేదాకా ఆటల్లేవు. గంట మోగితే బంతి గాల్లో ఉన్నా సరే, వదిలేసి ప్రార్థనకి పోవాల్సిందే. గెలవబోయే ఆటలెన్నో అలా మట్టిలో కలిశాయి.

లీగుకి జవాబు చెప్పాల్సింది బైబిలు పాఠాలు చెప్పే దైవసహాయం మాస్టారు. తిమోతి ఆ శుక్రవారం ఆయన దగ్గరికి వెళ్ళాడు.

"శనివారం ఆడితే దేవుడికి పోయేదేముంది మాస్టారూ?"

"ఏమీ లేదు," అన్నారాయన. "ఇవాళ గంట మోగినా నువ్వు రావద్దులే. ఆడుకో."

అడగ్గానే అంత తేలిగ్గా ఒప్పుకుంటే ఎవరికైనా అనుమానం రావాలి. కుర్రతనం కదా, రాలేదు.

గంట మోగింది. జట్టంతా వెళ్ళిపోయింది. ఒంటరిగా మిగిలిన తిమోతి ఊరికే నిలబడలేక, ఖాళీ కోర్టులోకి ఒక సర్వీసు కొట్టాడు.

బంతి తిరిగి వచ్చింది.

నెట్టుకి అవతల ఎవరూ లేరు. దుమ్ము మాత్రం లేస్తోంది, పాదాలు కదిలినచోట లేచినట్టు. తిమోతి ఒకడుగు వెనక్కి వేశాడు. అయినా చేతులు వాటంతటవే లేచి బంతిని కొట్టాయి. మళ్ళీ వచ్చింది. ఎంత గట్టిగా కొట్టినా వచ్చింది. నిజం చెప్పాలంటే కాసేపు సంబరపడ్డాడు కూడా, అంత బాగా ఎన్నడూ ఆడలేదు మరి. తర్వాత ముంజేతులు వాచాయి. ఆపుదామంటే చేతులు మాట వినలేదు. అవతల ఒక్కరూ రొప్పలేదు, నవ్వలేదు, పాయింటు అని అరవలేదు.

ప్రార్థన ముగించుకుని మాస్టారు వచ్చారు. గాల్లో ఉన్న బంతిని రెండు చేతులా పట్టుకున్నారు. తిమోతిని గీత బయటికి నడిపించి, కూర్చోబెట్టి, బంతి ఒళ్ళో పెట్టారు.

"ఎవరు మాస్టారూ వాళ్ళు?"

"నాకేం తెలుసురా. అడుగుదామంటే ఆగరు." వాచిన అతని ముంజేతులు ఓసారి చూశారు. "లీగువాళ్ళకి ఏం చెప్పమంటావు?"

తిమోతి నోరు తెరిచేలోగా వెనక కోర్టులో బంతి మీద దెబ్బ వినబడింది. అవతలి వైపు నుంచి ఇంకోటి. మళ్ళీ ఇవతల.

బంతి అతని ఒళ్ళోనే ఉంది.

వెనక్కి తిరగకుండా మాస్టారి చెయ్యి పట్టుకుని లేచాడు.

"శనివారం రాలేమని చెప్పండి."