చిల్లపాడు నల్లమాతకు చింతపండు స్నానం

"కత్తెరమ్మా! ఓ కత్తెరమ్మా!"

మాత పండుగకు ముందు రోజు పొద్దున, గంట మోగిన వెంటనే, చిల్లపాడు గుడి మెట్ల మీద నిలబడి సేవికల సంఘం పెద్ద ఇలా కేక వేస్తుంది. ఆ కత్తెరమ్మ కాలం చేసి చాలా ఏళ్లయింది. అయినా ఆవరణలో ఉన్న ఆడవాళ్లందరూ, ముసలమ్మలు, కొత్త కోడళ్లు, చంకన బిడ్డలున్నవాళ్లు, ఎక్కడి నుంచో మొక్కు తీర్చుకోను వచ్చినవాళ్లు కూడా చీపుర్లు పైకెత్తి "వస్తన్నా పెద్దమ్మా!" అని ఒక్క గొంతుతో పలుకుతారు. మొదటిసారి వచ్చిన భక్తులు ఇది చూసి ఆశ్చర్యపోతారు. ఆ కత్తెరమ్మ ఎవరని అడుగుతారు. వారి కోసమే ఈ కథ.

చిల్లపాడు పల్నాటి వైపు వాగు ఒడ్డున ఉన్న చిన్న విచారణ, అంటే ఒక ఫాదరుగారి కింద ఉండే క్రైస్తవ ఊరు; ఆ ఫాదరుగారినే మేము స్వాములవారంటాము. చుట్టూ మిరప తోటలే. కాయ ఎండబోసిన రోజుల్లో గాలి ఇటు తిరిగిందంటే పూజలో స్వాములవారితో సహా అందరూ తుమ్ముతారు. గుడి తెల్లటి సున్నంతో మెరుస్తుంటుంది గానీ లోపల పీఠం మీద మరియమాత మాత్రం నల్లగా ఉంటుంది. ముఖం నలుపు, చేతులు నలుపు, ఒళ్లోని బాలయేసూ నలుపే. ముసుగు మడతలో మాత్రం ఒక చోట కొంచెం నీలం మిగిలి ఉంది. పొద్దుటి ఎండ కిటికీలోంచి ఆ నీలం మీద పడినప్పుడు చూడాలి, వాన వెలిశాక మబ్బుల సందున కనిపించే ఆకాశం అచ్చం అలాగే ఉంటుంది. ఈ తల్లిని అందరూ నల్లమాత అంటారు. ఆమె మొదట నల్లమాత కాదు.

పూర్వం ఇక్కడ గుడి తాటాకు కప్పుతో ఉండేది. ఓడలో వచ్చి, రేవు నుంచి ఎడ్లబండి మీద ఊరు చేరిన ఈ కొయ్య స్వరూపానికి గులాబీ రంగు బుగ్గలు, తెల్లటి చేతులు, నీలం ముసుగు ఉండేవి. ఆ రోజుల్లో ఆడవాళ్లు గుడిలో వెనక కూర్చోవాలే తప్ప పీఠం దగ్గరకు పోకూడదు. ఊడ్చే మగవాళ్లు లేక పీఠం చుట్టూ గబ్బిలాల రెట్ట పేరుకుపోయి ఉండేది.

అప్పుడు ఇన్నాసమ్మ అనే ఆవిడ లేచింది. ఆమెకు మొగుడు లేడు, పిల్లలు లేరు, భయం అసలే లేదు. చీపురు పట్టుకొని ఉపదేశి అంతోనప్ప గారి ముందు నిలబడి, "మీ ఇల్లు మీ ఆడది ఊడవబట్టే కదయ్యా మీరు అందులో తింటున్నారు? దేవుడి ఇల్లు మాత్రం రెట్టలో ఉండాల్నా?" అని అడిగింది. ఉపదేశి అంటే గుడిలో జపాలు చెప్పించే పెద్ద.  ఆ మాట విన్న స్వాములవారు నవ్వి గుడి తాళం చెవి ఆమెకు ఇచ్చారు. అలా మరియమాత సేవికల సంఘం పుట్టింది. ఊరు మాత్రం దాన్ని చాలాకాలం చీపుర్ల సంఘమనే వెక్కిరించింది.

వాళ్లు వెక్కిరింతకు ఆగినవాళ్లు కాదు. గుడి ఊడ్చారు, అలికారు, పీఠం గుడ్డలు వాగులో ఉతికారు. మంచాన పడ్డవాళ్లకు ఇంటింటా గంజి కాచి పోశారు. దిక్కులేని శవానికి స్నానం చేయించారు. కలరా వచ్చిన ఒక ఏడాది తల్లీ తండ్రీ పోయిన పసిపిల్లను కూడా తెచ్చి, ఇంటికి ఒక వారం చొప్పున వంతులేసుకొని పెంచారు. ఆ పిల్లే కత్తెరమ్మ. ఆమెకు తల్లి ఎవరంటే సంఘమే. అందులోనూ ఎక్కువ వారాలు ఇన్నాసమ్మ ఇంట్లోనే గడిచాయి, ఎందుకంటే ఆమె తన వంతు అయిపోయినా పిల్లను పంపేది కాదు.

కత్తెరమ్మ పెరిగి పెద్దదయింది. గుడి గంట కొట్టే రాయప్ప ఆమెను ప్రేమించాడు. రాయప్ప ఎవరో కాదు, అంతోనప్ప గారి కొడుకే. ఆమె ఆవరణ ఊడుస్తుంటే అతను గంట తాడు పట్టుకొని ఆమెనే చూస్తూ ఉండిపోయేవాడట. అందువల్ల చిల్లపాడులో పూజ గంట ఎప్పుడూ ఆలస్యమేనని ముసలివాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటారు. ఉపదేశి గారు మొదట వద్దన్నారు, తరువాత సరేనన్నారు. మాత పండుగ మర్నాడు పెళ్లి అని గుడిలో చాటింపు కూడా అయింది.

పండుగ నెల రోజుల్లోకి వచ్చింది. ఆడవాళ్లు గుడి అంతా కడిగి మధ్యాహ్నం అన్నాలకు ఇళ్లకు పోయారు. వెనక రాతి తొట్టి దగ్గర కత్తెరమ్మ ఒక్కతే కూర్చొని ఇత్తడి దీపస్తంభాలను చింతపండుతో తోముతోంది. లోపల ఇన్నాసమ్మ ఒక్కతే మాత ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఏడాది పొడవునా వెలిగిన నూనె దీపాల మసి ఆ గులాబీ బుగ్గల మీద పట్టి ఉంది. ఆమె ప్రాణం ఊరుకోలేదు. బయటికి వచ్చి, కత్తెరమ్మ నీళ్లకు పోయినప్పుడు ఆమె గిన్నెలోంచి పెద్ద చింతపండు ముద్ద తీసుకుంది. పిడికెడు బూడిద, కొంచెం కొబ్బరి పీచు తీసుకుంది. ఇంట్లో బిందె ఎలా తోముతుందో అలాగే, అంత ప్రేమగా, అంత గట్టిగా మాత ముఖం తోమింది.

మసి పోయింది. దాని వెనకే బుగ్గల గులాబీ రంగు కూడా ఎర్రటి నీళ్లయి ఆమె ముంజేతుల మీదుగా కారిపోయింది. కంగారులో కడిగినకొద్దీ ముసుగు నీలం, చేతుల తెలుపు, బిడ్డ రంగు కూడా కరిగిపోయాయి. కింద నల్లటి కొయ్య బయటపడింది. ఇన్నాసమ్మ తడి స్వరూపం మీద దుప్పటి కప్పి ఇంటికి పోయి కూర్చుంది.

సాయంత్రం జపమాలకు దుప్పటి తీసేసరికి గుడి గగ్గోలెత్తింది. "ఎవరిది ఈ పని?" అని అంతోనప్ప గారు అరిచారు. పీఠం కింద చింతపండు గింజలు ఉన్నాయి. చింతపండు వేళ్లతో ఉన్నది కత్తెరమ్మే.

"నేను స్తంభాలే తోమాను మామయ్యా" అన్నది ఆమె.

"స్తంభాలు తోమితే గింజలు పీఠం కిందికి నడిచొచ్చినయ్యా? తల్లిని తోమి తల్లి రంగే తీసినదానివి, రేపు నా ఇల్లేం నిలబెడతావు?"

కత్తెరమ్మ ఇన్నాసమ్మ వైపు చూసింది. తన గిన్నెలోంచి ముద్ద మాయమైనప్పుడే ఆమెకు సగం అర్థమైంది. ఇన్నాసమ్మ నేల చూపులు చూసింది. తప్పు సంఘం పెద్దదని తెలిస్తే ఇక ఏ ఆడదాన్నీ పీఠం దగ్గరికి రానివ్వరని, ఇన్నేళ్ల కష్టం ఒక్క పూటలో పోతుందని ఆమె భయం. సంఘాన్ని కాపాడుతున్నానని మనసుకు చెప్పుకుంది. భయమెరగని మనిషికి మొదటిసారి భయం పుడితే అది ఎంత పెద్దదిగా ఉంటుందో!

పెద్దలు కూర్చొని తీర్పు చెప్పారు. పాడైన స్వరూపాన్ని పండుగ ముందు రోజు గుడి వెనక గొయ్యి తీసి మర్యాదగా పూడ్చాలి. కత్తెరమ్మ గుడి గడప తొక్కకూడదు. పెళ్లి లేదు. సంఘం ఉండవచ్చు గానీ వాకిలి వరకే, లోపలికి కాదు. ఇన్నాసమ్మ దేనిని కాపాడాలని నోరు మూసుకుందో అది కూడా పోయింది.

మర్నాడు పొద్దున్నే ఊరు లేచేసరికి కత్తెరమ్మ తన గుడిసె నుంచి గుడి గేటు దాకా దారంతా ఊడ్చేసింది. గేటు దగ్గర ఆగింది. లోపలికి అడుగు పెట్టలేదు. ఆ మర్నాడూ అంతే. ఎండలో, జల్లులో, ఒంట్లో బాగోకపోయినా అంతే. పొద్దెక్కాక గంజి కుండ ఎత్తుకొని మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకు పోయేది. కొందరు ఆమె చేతి గంజి వద్దన్నారు. ఆమె కుండ వాళ్ల అరుగు మీద పెట్టి వచ్చేసేది. సాయంత్రానికి కుండ ఖాళీగానే ఉండేది.

ఒకనాడు రాయప్ప గేటు అవతల నిలబడి, "నువ్వు కాదని నాకు తెలుసు. నాన్న వేరే సంబంధం తెచ్చాడు, చేసుకోనని చెప్పేశా. ఈ తాడు వదిలేసి నీతోపాటు చీపురు పట్టేదా?" అన్నాడు.

"నీకు తాడే సరిగ్గా రాదు, చీపురు కూడానా?" అన్నది ఆమె. తరువాత మెల్లగా, "చెప్పాల్సినవాళ్లు చెప్తారు. అప్పటిదాకా నా పని నేను మానను" అన్నది.

ఇన్నాసమ్మ రోజూ పూజకు ఆ ఊడ్చిన దారి మీదే నడవాలి. చీపురు గీతల మీద కాలు పెట్టలేక పక్కన ముళ్లలోంచి నడిచేది. తట్టుకోలేక ఒకనాడు చేసిన పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లి, జాలీ అవతల ఉన్న స్వాములవారి చెవిలో గుసగుసగా అంతా చెప్పుకుంది.

స్వాములవారు జాలీకి దగ్గరగా వంగారు. "అమ్మా, నువ్వు చెప్పింది నాతోనే మట్టిలోకి పోతుంది. బయట ఆ పిల్లను ఎవరు ఏమన్నా నేను వినాల్సిందే, నోరు మెదపలేను. కానీ ఆ పిల్ల పేరు పోయింది నలుగురిలో. నా చెవిలో చెబితే అది తిరిగి రాదు. నలుగురిలో చెప్పి రా, అప్పుడు నీకు పాపక్షమాపణ ఇస్తాను" అన్నారు. ఈ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. తరువాతి కాలంలో ఇన్నాసమ్మే సంఘం ఆడవాళ్లకు చెప్పుకోబట్టి మనదాకా వచ్చింది.

ఆమె నలుగురిలోకి వెళ్లింది, నోరు పెగల్లేదు. మళ్లీ వెళ్లింది, మళ్లీ పెగల్లేదు.

ఒక మధ్యాహ్నం ఇన్నాసమ్మకు అరుగు మీద కునుకు పట్టింది. కలలో ఒక నల్లటి ఆడమనిషి, చంకలో నల్లటి బిడ్డతో, తల నుంచి నీళ్లు కారుతుండగా వాకిట్లోకి వచ్చి నిలబడింది. మిరప కోతకు వచ్చిన కూలి మనిషేమో అనుకుంది ఇన్నాసమ్మ. ఆ మనిషి ముసుగు అంచున నీలం కనిపించింది.

"ఏమే ఇన్నాసమ్మా, తల తోమినదానివి, తుడవకుండా వెళ్లిపోయావేందే? బిడ్డకు జలుబు చేస్తంది."

"తల్లీ, నీ రంగంతా తీసేశాను."

"రంగుదేముంది! అది ఓడలో ఎక్కేముందు ఎవరో పూసింది. ఇప్పుడు నేను మీ అందరిలాగే ఉన్నాను కదే. గొయ్యి తవ్వతన్నారంట, మట్టి చల్లగా ఉంటది. ఆ పిల్లను పేరు పెట్టి పిలువు. వచ్చి నన్ను తుడవమను. ఊరంతా వినేట్టు పిలువు."

ఇన్నాసమ్మ లేచేసరికి అరుగు ముందు నేల తడిగా ఉన్నదని చెబుతారు. ఆ తెల్లారే పండుగ ముందు రోజు.

భక్తులారా, ఆ తెల్లవారి జరిగినదాన్ని మా ఊళ్లో ఒక పద్ధతిలోనే చెబుతారు. ఆనాడు ఇన్నాసమ్మ పలికిన మాట అన్నిటికన్నా చివర రావాలి. దాని తరువాత ఇంకొక మాట ఉండకూడదు. కాబట్టి తరువాతి సంగతులు ముందే చెబుతున్నాము.

మాతను పూడ్చలేదు. తవ్విన గొయ్యిలో సంఘం వాళ్లు చింత మొక్క నాటారు. మాత స్నానానికి ఇప్పుడు వాడే పండు ఆ చెట్టుదే. పండుగ మర్నాడే కత్తెరమ్మకు, రాయప్పకు నల్లమాత ముందు పెళ్లయింది. అంతోనప్ప గారే కోడలి చేయి పట్టుకొని గడప దాటించారు. ఇన్నాసమ్మ తాళం చెవి తిరిగి ఇవ్వబోతే స్వాములవారు తీసుకోలేదు. "గుడి తుడవడానికి నిన్నటిదాకా ఉన్నదానికన్నా ఈ రోజు నీకు ఎక్కువ అర్హత ఉంది" అన్నారట. ఆమె ఆ చెవిని కత్తెరమ్మ కొంగుకు ముడివేసింది. అప్పటినుంచి అది ఒక కొంగు నుంచి ఇంకో కొంగుకు మారుతూనే ఉంది.

సేవికల సంఘం పని ఈనాటికీ ఆగలేదు. రోగులకు గంజి పోతుంది, పీఠం గుడ్డలు ఉతుకుతారు, గేటు దాకా దారి ఊడుస్తారు. పండుగ ముందు రోజు మాతను రాతి తొట్టి దగ్గరికి తెచ్చి చింతపండు నీళ్లతో కడుగుతారు. పెళ్లి కుదిరిన అమ్మాయి కొత్త తువ్వాలుతో ముఖం తుడుస్తుంది, బాలయేసు తల మాత్రం రెండోసారి కూడా తుడుస్తుంది, జలుబు చేయకుండా. అలా తుడిచిన అమ్మాయి కాపురంలో మాట దాచుకోవడాలు ఉండవని, చేయని తప్పు మీద పడినవారు ఈ తువ్వాలు కళ్లకు అద్దుకుంటే పోయిన పేరు తిరిగి వస్తుందని నమ్మకం. తప్పు చేసి ఇంకొకరి మీద పడనిచ్చినవారు కూడా ఇక్కడికి వస్తారు. వాళ్లు చేయవలసింది ఒక్కటే. ఇన్నాసమ్మ నిలబడిన మెట్టు మీద నిలబడి, ఆ మనిషి పేరు పెట్టి పిలవాలి.

ఇక ఆనాటి సంగతి.

గొయ్యి సిద్ధంగా ఉంది. స్వరూపాన్ని దుప్పటిలో చుట్టి వాకిట్లోకి తెచ్చారు. ఊరంతా నిలబడి ఉంది. స్వాములవారు తల దించుకొని ఉన్నారు. గేటు అవతల కత్తెరమ్మ ఎప్పటిలాగే ఊడుస్తోంది. ఇన్నాసమ్మ మెట్లెక్కి ఊరు వైపు తిరిగింది.

"కత్తెరమ్మా! ఓ కత్తెరమ్మా!"

చీపురు ఆగింది.

"దాన్నెందుకు పిలుస్తావు? అది గడప తొక్కకూడదని తెలవదా?" అని అంతోనప్ప గారు కసిరారు.

ఇన్నాసమ్మ ఆయన వైపు చూడలేదు. "కత్తెరమ్మా, లోపలికి రా. తల్లి తడిసిపోయి ఉంది, వచ్చి తుడువు."

"వస్తన్నా పెద్దమ్మా" అన్నది కత్తెరమ్మ. చీపురు గేటుకు ఆనించి, ఇన్నాళ్లూ దాటని ఆ గీత దాటి, అందరి మధ్యలోంచి నడిచి వచ్చి మెట్ల కింద నిలబడింది. గంట దగ్గర రాయప్ప తాడు పట్టుకొని ఆమెనే చూస్తున్నాడు.  ఇన్నాసమ్మ ఈసారి ఆగలేదు. వాగు అవతల తోటల్లో ఉన్నవాళ్లకు కూడా వినపడేట్టు పలికింది.

"ఈ బిడ్డ కాదయ్యా. నేను. మాత ముఖం తోమింది నేను. దీని గిన్నెలో చింతపండు తీసింది నేను. దీని మీద పడుతుంటే చూస్తా నోరు మూసుకుంది నేను!"